రాయిని చూపించొద్దు

డోరమ్మ గారి బాప్తిస్మం ముప్పై రెండేళ్ళుగా వాయిదా పడుతూ వస్తోంది. అంతకంటే కోర్టు వాయిదాలు నయం, ఎప్పుడో ఒకప్పుడు తీర్పు చెబుతారు. మొదటిసారి ఉప్పెన అడ్డొచ్చింది. తరువాత పెళ్ళి, ఆ తరువాత కొడుకు అబ్రహాం కడుపున పడటం, ఆపైన భర్త దేవసహాయం గారి ఆపరేషను, ఒక ఏడు జలుబు, ఇంకో ఏడు మోకాళ్ళ నొప్పి. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలు కారణం సికింద్రాబాద్‌లోని ఆ బాప్టిస్టు చర్చిలో బెంచీలకు కూడా తెలుసు. ఆవిడకు నీళ్ళంటే చచ్చేంత భయం.

వాళ్ళది నిలువునా ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే సరిపోదు. పాస్టరు గారు తొట్టిలో నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి, మనిషిని వెల్లకిలా వాల్చి, తల వెంట్రుక కూడా పైన కనబడకుండా ముంచి లేపాలి. అలా మునిగి లేచినవాళ్ళకే ప్రభువు బల్లలో పాలుపొందే అర్హత. నెలలో మొదటి ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం బెంచీల వెంట చేతులు మారుతూ వచ్చేది. డోరమ్మ దాన్ని అందుకుని, లోపలికి చూడకుండానే పక్కవాళ్ళకు అందించేది. ద్రాక్షరసం పళ్ళెమూ అంతే. దేవసహాయం గారు సంఘపెద్ద, ఆ బెంచీకి పళ్ళెం తెచ్చిచ్చేది ఆయనే. ఇరవై ఎనిమిదేళ్ళపాటు సొంత భార్య తినకుండా పక్కకు అందించడం చూడలేక ఆయన ఫ్యాను వంక చూసేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన చేతి పళ్ళెంలోంచి ఒక్కసారైనా తినలేకపోయానే అన్న దిగులు మాత్రం డోరమ్మకు పోలేదు.

రెండేళ్ళ కింద ఈస్టరుకు ఆవిడ గుండె రాయి చేసుకుని తెల్ల గౌను తొడుక్కుంది. తొట్టిలో రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద కాలు ఆగిపోయింది. సంఘమంతా ఒక్క గొంతుతో "భయపడకమ్మా, భయపడకమ్మా" అంది. ఎంత ఆప్యాయంగా అన్నారో అంత వేగంగా ఆవిడ వెనక్కి తిరిగి, వెనక గుమ్మంలోంచి బయటపడి, మోకాళ్ళ దాకా తడిసిన గౌనుతోనే మల్కాజ్‌గిరి బస్సెక్కింది. "ఏందమ్మా, ఎక్కడ పడ్డవ్?" అని కండక్టరు అడిగితే "ఎక్కడా పడలేదు నాయనా, అదే నా బాధ" అందట. అరవై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టిన టీచరమ్మకు అది మామూలు అవమానం కాదు.

ఈసారి, అంటే రెండువేల పది జనవరిలో, ఆవిడ అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి ప్రకటించింది.

"ఈ ఈస్టరుకు దిగుతాను. దిగలేకపోయానో, ఇక ఆ మాట ఎత్తను. ఆ చర్చి గడప కూడా తొక్కను. పళ్ళెం దాటేయడానికి నాకిక ఓపిక లేదు."

పాస్టరు యేసుదాసు గారు మంచి మనిషి. సంగతి విని ఇంటికొచ్చి, పెద్దల్ని ఒప్పించి కుర్చీలో కూర్చోబెట్టి చెంబుతో పోస్తానని చెప్పాడు. డోరమ్మ ససేమిరా అంది. "ఆ ప్రభువే నదిలోకి దిగాడు. నాకు కుర్చీ వేస్తారా అయ్యగారూ?" అని ఎదురడిగి, కాఫీ ఇచ్చి పంపించేసింది.

ఆ సాయంత్రమే కోడలు దేవకృప చపాతీలు చేస్తుంటే వచ్చి పక్కన పీట వేసుకుంది.

"కృపా, నువ్వు నదిలో ఎంతమందిని దింపావే?"

దేవకృప చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ సంగతి ఎత్తితే వేళాకోళానికే ఎత్తేవారు. పెళ్ళి ఆల్బంలో చివరి పేజీలో ఒక ఫోటో ఉంది. నెత్తిన ఎర్ర హెల్మెటు, ఒంటి మీద లావుపాటి లైఫ్ జాకెట్టు, చేతిలో తెడ్డు, మొహం నిండా ఎండ కమిలిన నవ్వు. చుట్టాలు ఎవరొచ్చినా అబ్రహాం అది తీసి చూపించి, "మా ఆవిడ పడవ నడిపేది, ఇప్పుడు నన్ను నడుపుతోంది" అనేవాడు. అందరూ నవ్వేవారు. దేవకృప కూడా నవ్వి వంటింట్లోకి పోయేది.

"లెక్క పెట్టలేదత్తమ్మా."

"నన్ను కూడా దింపు."

"నాతోని కాదు," అంది దేవకృప వెంటనే. "నేను మర్చిపోయిన అదంతా. ఇంకెవరినన్నా అడుగుండ్రి."

చపాతీ మాడింది. ఏ పనైనా నెత్తిన వేసుకుని చేసే పిల్ల ఇంత గట్టిగా కాదనడం డోరమ్మ అంతకు ముందు చూడలేదు. ఆ పూటకు ఊరుకుంది.

దేవకృప ఏమీ మర్చిపోలేదు. మర్చిపోగలిగితే ఆ ఫోటో తీసినప్పుడల్లా వంటింట్లోకి ఎందుకు పోతుంది?

ఆమె నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డిగ్రీ రెండో ఏడాదిలో ఎన్‌సీసీ వాళ్ళు కులూ తీసుకుపోతే, బియాస్ నది ఒడ్డున మొదటిసారి రబ్బరు పడవ ఎక్కింది. ఇక్కడ సికింద్రాబాద్‌లో తారు కరిగే మే నెలలో, అక్కడ కొండల మీద మంచు కరిగి నది పరవళ్ళు తొక్కేది. చెయ్యి పెడితే ఎముకలు జివ్వుమనేవి. క్యాంపు నడిపే రిటైర్డు మేజరు ఆ అమ్మాయి గొంతు విని ముచ్చటపడ్డాడు. కుటుంబాలతో వచ్చే ఆడవాళ్ళకు ఆడ గైడు ఉంటే ధైర్యంగా ఉంటుందని, వచ్చే వేసవికి పనిలోకి రమ్మన్నాడు. అమ్మ ప్రేమమణి ఒప్పుకోవడానికి వారం ఉపవాస ప్రార్థన పట్టింది. అలా వరసగా నాలుగు వేసవులు వెళ్ళింది.

తెల్లారి లేచి పడవల్లోకి గాలి కొట్టడం, లైఫ్ జాకెట్ల పట్టీలు సరిచూడటం, ఒడ్డున అతిథుల్ని నిలబెట్టి ఇరవై నిమిషాల పాఠం. పట్టీ బిగిస్తే ఊపిరాడటం లేదని ప్రతివాళ్ళూ గొణిగేవారు. "ఊపిరాడకపోతే సరిగ్గా బిగిసిందని లెక్క," అని ఆమె ఇంకో గుంజు గుంజేది. గైడు పడవ వెనక అంచు మీద కూర్చుంటుంది. ముందు ఆరుగురు తెడ్లు వేస్తారు. ఫార్వర్డ్ అంటే ముందుకు, స్టాప్ అంటే తెడ్డు ఒళ్ళోకి. నది హోరు మీదుగా ఆ మాట వినబడాలంటే గొంతు పొట్టలోంచి రావాలి. కొత్త పెళ్ళికూతుళ్ళు, బెంగాలీ బామ్మలు, బ్యాంకు మేనేజర్లు, అందరూ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల అరుపుకు కిక్కురుమనకుండా తెడ్లు వేసేవారు. ఆ అధికారం రుచి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. నీళ్ళు నిదానించిన చోట పడవ ఆపి, ధైర్యం ఉన్నవాళ్ళను వెనక్కి వాలి నీళ్ళలో పడమనేది. భయపడ్డవాళ్ళే అందరికంటే ఎక్కువసేపు నీళ్ళలో ఉండి, బయటికి రమ్మంటే రానని మొండికేసేవారు. ఆ మొహాలు చూడటానికే ఆమె ఏటా రెండు రాత్రులు రైల్లో కూర్చుని వెళ్ళేది.

పని నేర్పినవాడు నోర్బూ అనే పెద్ద గైడు. మాటలు తక్కువ. మొదటి రోజే ఒక నియమం చెప్పాడు. నీళ్ళలో పడ్డ మనిషికి రాయిని చూపించొద్దు, దారిని చూపించు. భయపడ్డ మనిషి నువ్వు ఏది చూపిస్తే అది చూస్తాడు, ఏది చూస్తే అటే పోతాడు. అందుకే గైడు చెయ్యి ఎప్పుడూ రాళ్ళు లేని నీళ్ళ వైపే చాచాలి. రాయి ఎంత దగ్గరున్నా దాని పేరెత్తకూడదు.

నాలుగో వేసవిలో పడవ బోల్తా పడింది. అది పెద్ద వింత కాదు, అలాంటివి మామూలే. అందరూ తాళ్ళు పట్టుకున్నారు, నాగపూర్ నుంచి వచ్చిన కుసుమ్ తాయి ఒక్కతే కొట్టుకుపోయింది. యాభై దాటిన మనిషి. ఆవిడకు ఎడమ పక్క విశాలంగా దారి ఉంది, కుడి పక్క రాయి ఉంది. దేవకృపకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెయ్యి రాయి వైపు చాచి "పత్థర్! పత్థర్!" అని అరిచింది. ఆవిడ ఆ వైపే చూసింది. తొడ ఎముక విరిగింది. ఆ మర్నాడే దేవకృప హెల్మెటు అప్పగించి రైలెక్కేసింది. అతిథుల రిజిస్టరులోంచి ఆవిడ చిరునామా మాత్రం రాసుకుంది. ఏడేళ్ళుగా ఆ కాగితం బైబిల్లోనే ఉంది, ఉత్తరం రాయలేదు. ఈ సంగతి అబ్రహాంకి కూడా తెలియదు.

డోరమ్మ పట్టు వదల్లేదు. అలగలేదు, దెప్పలేదు. టీచరమ్మ కదా, రోజూ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగింది. "దింపుతావా?" పదో రోజుకు దేవకృప చేతులెత్తేసింది. కాదంటే ఏమవుతుందో తెలిసిపోయింది. ఈవిడ నిజంగానే చర్చి మానేస్తుంది. ఆదివారం పూట ఒంటరిగా ఇంట్లో కూర్చుని టీవీలో ప్రసంగాలు వింటుంది.

"సరే అత్తమ్మా. గానీ నేను చెప్పినట్టే చెయ్యాలె."

"నేను టీచర్ని. చెప్పినట్టు వినడం నాకు రాదు. నేర్చుకుంటాలే," అంది డోరమ్మ.

చోటు ఎక్కడ? కాప్రా చెరువు అంటే గుర్రపుడెక్క, మురుగు. ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచి ఉంది గానీ, అక్కడ తొడుక్కోవలసిన బట్టలు చూసి డోరమ్మ గేటు దగ్గర్నుంచే వందనాలు చెప్పి తిరిగొచ్చింది. చివరికి మేడ మీద బడి మొదలైంది. నల్లా రోజు మార్చి రోజు వచ్చే కాలనీ కాబట్టి ప్రతి మేడ మీదా నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఉంటాయి. మొదటి వారం నిండు డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే పని. రెండో వారం మోచేతి దాకా చెయ్యి ముంచడం. మూడో వారం మొహం.

మొహం దగ్గర ఆగిపోయింది. నోర్బూ అయితే ఇలాంటప్పుడు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగేవాడు. దేవకృప అదే అడిగింది.

"నీళ్ళల్ల మీకు ఏం కనబడతది అత్తమ్మా?"

డోరమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"దివిసీమలో మా ఊరి కాలవ," అంది. "ఆ డిసెంబర్లో క్రిస్మస్‌కి అందులో నాకు బాప్తిస్మం ఇవ్వాలి. తెల్ల చీర కూడా కొన్నాం. నవంబర్లో ఉప్పెనొచ్చింది. రెండు రోజులు బడి డాబా మీద ఉన్నాం. కింద కొట్టుకుపోయేవాళ్ళలో నాకు తెలియని మొహం ఒక్కటి లేదే. ఫిబ్రవరిలో మళ్ళీ రమ్మన్నారు, నీళ్ళు తేటపడ్డాయమ్మా అన్నారు. వెళ్ళాను. తేటగానే ఉన్నాయి. నేనే దిగలేకపోయాను."

ఓదార్చడం దేవకృపకు రాదు. లేచి వెళ్ళి అత్తగారి వెనకాల నిలబడింది.

"ఇంక కిందికి చూసే పని లేదు. మీరు ఎట్లాగూ వెనక్కి వాలేదే కదా. పైకి చూస్తనే పోవచ్చు. పడుండ్రి."

"ఎక్కడ?"

"నా మీద."

పరుపు తెచ్చి మేడ మీద వేశారు. నదిలో చేయించినట్టే, వెనక్కి వాలడం, పాదాలు నేలకు ఆనించి, ఒళ్ళు వదిలేసి, ఆకాశం చూడటం. మొదటిసారి డోరమ్మ కొయ్యలా బిగుసుకుని పడింది. ఇద్దరూ కలిసి పరుపు మీద కూలబడ్డారు. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న సుమిత్ర క్లిప్పులు కింద పడేసుకుని కేకేసింది.

"ఏందక్కా, అత్తమ్మను గట్ల పడగొడుతున్నవ్!"

"పడగొట్టమని నేనే అడిగానమ్మా!" అని అరిచి డోరమ్మ పడీ పడీ నవ్వింది. మార్చి నెలాఖరుకు ఆవిడ రోజుకు ఇరవైసార్లు వాలుతోంది, డ్రమ్ములో మొహం ముంచి పది అంకెలు లెక్క పెడుతోంది. అబ్రహాం చూసి, తల్లికి ఏ స్కూల్లో సీటు వచ్చిందని అడిగాడు. దేవకృపకు కూడా లోపల ఏదో తెరుచుకున్నట్టయింది. ఏడేళ్ళ తరువాత తన గొంతు తనకే నచ్చింది.

ఈస్టరు ముందు శనివారం మధ్యాహ్నం చర్చిలో తొట్టి నింపారు. వేదిక కింద చెక్కలు తీస్తే తొట్టి ఉంటుంది. అందులోకి ఐదు మెట్లు. చర్చి బాగోగులు చూసే రిచర్డ్ టాంకరు పైపు పట్టుకుని నాలుగింటికల్లా నింపేసి, అత్తాకోడళ్ళను లోపలికి వదిలాడు.

"జెర జల్దీ కానియ్యక్కా, అయ్యగారు ఆరింటికి వస్తరు."

దేవకృప ముందు దిగి నీళ్ళలో నిలబడి, చెయ్యి చాచింది. డోరమ్మ ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. బాగానే ఉంది. కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. అప్పుడు దేవకృపకు మూడో మెట్టు మీద పాకుడు కనిపించింది. రిచర్డ్ తోమడం మరిచినట్టున్నాడు.

"అత్తమ్మా, మూడో మెట్టు జారుతది, పైలం!"

డోరమ్మ కళ్ళు మెట్టు మీదికి పోయాయి. కాలు సరిగ్గా ఆ పాకుడు మీదే పడింది. దభీమని కూర్చుండిపోయింది, నీళ్ళు మెడ దాకా ఎగిశాయి. దేవకృప పట్టుకునేలోపే మోకాలు చీరుకుపోయింది. ఆవిడ రెండు చేతులతో మెట్టు అంచు పట్టుకుని, పిల్లల్లాగా పాకుతూ పైకి వచ్చేసింది.

రిచర్డ్ పరుగెత్తుకొచ్చి తువ్వాలు ఇచ్చాడు, పసుపు తెస్తానని అవతలికి పోయాడు. డోరమ్మ మొదటి బెంచీ మీద వణుకుతూ కూర్చుంది.

"ఇక వద్దు కృపా. నాకు రాసిపెట్టి లేదు."

దేవకృప ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు.

"మీ తప్పు కాదత్తమ్మా. నాదే. నేను మల్ల గదే చేసిన," అంది. తడి బట్టలతోనే అంతా చెప్పేసింది. నోర్బూ చెప్పిన నియమం, బోల్తా పడిన పడవ, కుసుమ్ తాయి, తన చెయ్యి ఎటు చాచిందీ, ఆ తొడ ఎముకా, బైబిల్లో కాగితమూ. "రాయి చూపియ్యొద్దని నాకు తెలుసు. తెలిసి సుత చూపించిన. అప్పుడు ఆమెకు, ఇయ్యాల మీకు. అందుకే నాతోని కాదన్న."

డోరమ్మ వణుకు ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు. ఆవిడ టీచరు గొంతుతో అడిగింది.

"ఆవిణ్ణి నీళ్ళలోంచి లాగిందెవరు?"

"నేనే."

"రాయి దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళావా?"

"పోయిన."

"ఆస్పత్రికి ఎవరు మోశారు?"

"నేనూ నోర్బూ అన్న. రోడ్డు దాక మోసినం."

"మరి ఈ ముక్కలన్నీ ఎందుకు చెప్పవు? మొత్తం కథలో నీకా రాయొక్కటే కనబడుతోంది. ఏడేళ్ళ నుంచీ నీకు నువ్వే దాన్ని చూపించుకుంటున్నావు కదే పిచ్చిదానా!" డోరమ్మ తువ్వాలు తీసి కోడలి తల తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు అంది. "భయపడకమ్మా, భయపడకమ్మా అని నాకు ముప్పై రెండేళ్ళు చెప్పారు. చెప్పినప్పుడల్లా, ఓహో, ఇక్కడ భయపడాల్సిందేదో ఉంది కాబోలని నాకు గుర్తొచ్చేది. వాళ్ళూ పాపం ప్రేమతోనే చూపించారు."

మళ్ళీ తొట్టిలోకి దిగడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. మోకాలికి పసుపు పెట్టించుకుని, "రేపు చూద్దాం," అంది. ఆ రేపు ఎలా ఉంటుందో దేవకృపకు తెలియలేదు. రిచర్డ్‌తో మెట్లు తోమించి, పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, రేపు భయం అన్న మాట ఎవరి నోటా రాకుండా చూడమని బతిమాలింది. ఆయన ఏమీ అర్థం కాకపోయినా తప్పకుండా అన్నాడు.

ఈస్టరు ఉదయం చర్చి కిటకిటలాడింది. ఆ రోజు నెలకు మొదటి ఆదివారం కూడా కావడంతో, బాప్తిస్మాలు కాగానే ప్రభువు బల్ల ఉంది. నలుగురు కుర్రాళ్ళు, ఒక కొత్త కోడలు మునిగి లేచారు. ప్రతిసారీ పాట, చప్పట్లు. చివరి పేరు డోరమ్మది. ఆవిడ తెల్ల గౌనుతో తొట్టి అంచుకు రాగానే పాట ఆగిపోయింది. రెండేళ్ళ కింద చూసినవాళ్ళంతా మెడలు చాచారు. దేవకృప ఎదురుగా, తొట్టికి అవతలి గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆడవాళ్ళు బయటికి రాగానే కప్పడానికి ఇంటి మనిషి ఒకరు అక్కడ ఉంటారు, అంతే. మాట్లాడే పని వాళ్ళకు లేదు.

డోరమ్మ ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. ఆగింది.

పాస్టరు గారు మాట నిలబెట్టుకున్నాడు, నోరెత్తలేదు. కానీ సంఘం నోరు ఎవరు పట్టుకోగలరు? ముందు మేబెల్ ఆంటీ మొదలుపెట్టింది. "భయపడకు డోరా!" వెనక బెంచీలు అందుకున్నాయి. "భయపడకమ్మా! ప్రభువు ఉన్నాడమ్మా! భయపడకు!" చర్చి అంతా అదే మాట. డోరమ్మ చూపు కోడలి మీద నుంచి జారింది. నీళ్ళ మీదికి, మెట్టు మీదికి, వెనక గుమ్మం వైపుకి పోయింది. గౌను అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

దేవకృప తువ్వాలు కింద పడేసింది.

"స్టాప్!"

చర్చి అదిరింది. కోడలిగా ఆ చర్చికి వస్తున్న ఆరేళ్ళలో ఆమె గొంతు పాటల్లో తప్ప ఎవరూ వినలేదు. పొట్టలోంచి వచ్చిన ఆ కేకకు డ్రమ్స్ వాయించే కుర్రాడి చేతిలోంచి పుల్ల జారిపోయింది. సంఘం మొత్తం నోరు మూసుకుంది. పాస్టరు గారు కూడా నీళ్ళలో నిటారుగా నిలబడ్డాడు.

"అత్తమ్మా, నన్ను చూడుండ్రి. నన్నే. కుడి కాలు ముందుకి."

కుడి కాలు ముందుకి వచ్చింది.

"ఎడమ కాలు. మంచిగుంది. కుడి. చెయ్యి అయ్యగారికియ్యుండ్రి. ఇంకొకటి. అయిపాయె, నిలబడ్డరు."

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. డోరమ్మ కళ్ళు కోడలి మొహం మీద నుంచి కదల్లేదు. పాస్టరు గారు ఒక చెయ్యి వీపు వెనక పెట్టి, తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు అని మొదలుపెట్టాడు. దేవకృప చెయ్యి మెల్లగా పైకి లేచింది, పైకప్పు వైపు. "పైకి చూస్తనే పోండ్రి," అంది. అంత చిన్న మాట కూడా చివరి బెంచీ దాకా వినబడింది.

డోరమ్మ వాలింది. మేడ మీద పరుపు మీద వాలినట్టే, ఒళ్ళు వదిలేసి, కళ్ళు తెరుచుకుని వాలింది. నీళ్ళు మూసుకున్నాయి. దేవకృప లోపల్లోపల లెక్క పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు చెదిరాయి. డోరమ్మ జుట్టంతా మొహం మీద అతుక్కుని, ఉక్కిరిబిక్కిరవుతూ, గట్టిగా నవ్వుతూ పైకి లేచింది. సంఘం పాట మరిచిపోయి కేకలు వేసింది. మేబెల్ ఆంటీ బెంచీ మీద చతికిలబడి ఏడ్చింది. అబ్రహాం ఎవరో తెలియని మనిషిని కావలించుకున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో దేవకృప అత్తగారికి జాకెట్టు తొడిగింది. హుక్కులు పెట్టలేక తంటాలు పడుతుంటే డోరమ్మే పెట్టుకుంది.

"పెద్దల ముందట గట్ల ఒర్లిన. ఏమనుకున్నరో."

"ఏమీ అనుకోరు. అనుకుంటే నేను చూసుకుంటా. ఇప్పుడు నేనూ పూర్తి సభ్యురాలిని," అంది డోరమ్మ తల తుడుచుకుంటూ. తరువాత తువ్వాలు దించి కోడలి వంక చూసింది. "రేపు ఆ నాగపూర్ ఆవిడకు ఉత్తరం రాస్తున్నావు. బాగుందో లేదో కనుక్కుందాం. కోప్పడితే కోప్పడనీ. వేసవి సెలవుల్లో ఆ నది నాక్కూడా చూపించు. పడవ ఎక్కనులే, ఒడ్డున కూర్చుంటా."

"ఒడ్డున కూసుంటమనే అందరూ వస్తరు అత్తమ్మా," అంది దేవకృప. ఏడేళ్ళలో ఆ నది గురించి మాట్లాడుతూ నవ్వడం అదే మొదటిసారి.

వాళ్ళు వచ్చి తమ బెంచీలో కూర్చునేసరికి బల్ల మొదలైంది. డోరమ్మ తడి జుట్టు వీపు మీద వదిలేసి, తెల్ల చీరలో నిటారుగా కూర్చుంది. పక్కన దేవకృప, ఆ పక్కన అబ్రహాం. రొట్టె పళ్ళెం ముందు బెంచీల మీదుగా చేతులు మారుతూ వస్తోంది. వెనక్కి తిరిగి చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. సంఘపెద్ద ఒకాయన వంగి పళ్ళెం డోరమ్మ చేతుల్లో పెట్టాడు.

డోరమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. లోపలికి చూడకుండానే పక్కకు తిరిగి, కోడలికి అందించింది.

దేవకృప పళ్ళెం అందుకున్నాక గానీ ఏం జరిగిందో ఇద్దరికీ తెలియలేదు. డోరమ్మ ఖాళీ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఆవిడ వాటి వంక చూసుకుంది. ముప్పై రెండేళ్ళ అలవాటు, చేతులకు ఎవరూ చెప్పలేదు. పెదవులు వణికాయి. నవ్వో ఏడుపో తేలలేదు.

దేవకృప పళ్ళెం తిప్పి మళ్ళీ ఆవిడ ముందు పెట్టింది. అంచున ఉన్న ఒక ముక్క వైపు వేలు చూపించింది.

డోరమ్మ ఈసారి పళ్ళెంలోకి చూసింది. ఆ ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తరువాత పళ్ళెం కోడలి చేతిలోంచి తను తీసుకుని, ఆమె కూడా తీసుకునేదాకా పట్టుకుని కూర్చుంది.